ప్రశ్న – జవాబు: ఆక్సిజన్ లైన్‌లో ప్లాస్టిక్

ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి ఆక్సిజన్ సిలిండర్లు, రెగ్యులేటర్లు (సిలిండర్ పీడనాన్ని తగ్గించి ఇచ్చే పరికరాలు), వాటిలోని వాషర్లు, సీట్ల (వాల్వు మూసినప్పుడు ఆనే చిన్న ముక్కలు) గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట పెట్టాం. గ్యాస్ కటింగ్ షాపుదైనా, ఆసుపత్రిదైనా సిలిండర్‌లో ఉండేది అదే గ్యాస్, అదే పీడనం. అందుకే రెండింటినీ వేరు చేయలేదు.

ప్రశ్న: రైస్ మిల్లుల పాత ప్లేట్లు కోసే పని మాది. కొత్త సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించి వాల్వు తిప్పంగనే లోపల ‘ఠప్’ మన్నది. గేజు అద్దం పగిలింది, ఇన్‌లెట్ కాడ నల్లగ మసి. దగ్గర్ల మంట లేదు, టార్చి ఇంక వెలిగియ్యనే లేదు. నూనె కూడ పెట్టలేదు. మరి నిప్పు యాడికెళ్లి వచ్చింది? – ఒక గ్యాస్ కటింగ్ మిస్త్రీ, మిర్యాలగూడ

జవాబు: మీరు వాల్వు తిప్పిన వేగంలో నుంచి వచ్చింది. సిలిండర్‌లో గ్యాస్ చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడిలో ఉంటుంది. రెగ్యులేటర్ ఇన్‌లెట్‌లో అప్పటిదాకా ఉన్నది మామూలు గాలి. వాల్వు ఒక్కసారిగా తెరిస్తే దూసుకొచ్చే గ్యాస్ ముందున్నదాన్ని తోసుకెళ్లి, దారి మూసుకుపోయిన చోట, అంటే రెగ్యులేటర్ సీటు దగ్గర, గేజు ట్యూబు చివర, నొక్కేస్తుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కుతుంది కదా, ఇదీ అదే. కాకపోతే ఇక్కడ పీడనం 150 రెట్లు పెరుగుతుంది, అదీ సెకనులో వందో వంతులో. లెక్క వేస్తే 20 డిగ్రీల దగ్గర మొదలైన గ్యాస్ దాదాపు 950 డిగ్రీలకు చేరాలి. మీ మిల్లు షెడ్డులో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల నుంచి మొదలైతే లెక్క వెయ్యి దాటుతుంది. గోడలకు కొంత వేడి పోతుంది కాబట్టి నిజంగా అంత ఎక్కదు. ఎక్కనక్కర్లేదు కూడా. ఆ పీడనంలోని ఆక్సిజన్‌లో నైలాన్ దాదాపు 260 డిగ్రీలకు, పాలిథీన్ 175 డిగ్రీల చుట్టుపక్కల, ఏ నిప్పురవ్వా లేకుండానే అంటుకుంటాయి.

సీటు అంటుకుంటే కథ అక్కడితో ఆగొచ్చు, ఆగకపోవచ్చు. చుట్టూ ఇత్తడి ఉంటే చాలాసార్లు మసి, పగిలిన అద్దంతో సరిపోతుంది. ఇత్తడి ఆ వేడిని లాగేసుకుంటుంది, తాను మండదు. అదే అల్యూమినియం బాడీ అయితే ప్లాస్టిక్ మంట నుంచి లోహం అంటుకుని రెగ్యులేటరే పేలిపోతుంది. అమెరికాలో అల్యూమినియం రెగ్యులేటర్లు ఇలా కాలిపోతున్నాయని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 1999లో హెచ్చరిక జారీ చేసింది.

నూనె పెట్టలేదన్నారు. నమ్ముతాం, కానీ మీరు పని చేసేది రైస్ మిల్లులో. గాలిలో తేలేది తవుడు దుమ్ము, తవుడంటేనే నూనె. మూత లేకుండా ఒక పూట నిలబెట్టిన సిలిండర్ వాల్వు నోట్లో వేలు పెట్టి చూడండి, జిడ్డు తగులుతుంది. ఆ జిడ్డు నైలాన్ కంటే ముందే అంటుకుని నైలాన్‌ను అంటిస్తుంది.

ఇకమీదట ఇలా చేయండి. మిల్లు నడుస్తున్న చోటికి దూరంగా, దుమ్ము తగ్గిన చోట సిలిండర్ నిలబెట్టి గొలుసు వేయండి. వాల్వు నోరు మనుషుల వైపు లేకుండా, దగ్గరలో మంట లేకుండా చూసి, రెగ్యులేటర్ బిగించకముందే వాల్వును ఒక్క క్షణం సన్నగా తెరిచి మూయండి. లోపలి దుమ్ము బయటికి పోతుంది. రెగ్యులేటర్ అడ్జస్టింగ్ స్క్రూను పూర్తిగా వదులయ్యేదాకా ఎడమకు తిప్పి ఉంచండి. గేజు ముఖానికి ఎదురుగా నిలబడొద్దు, రెగ్యులేటర్ వెనుకా వద్దు. పక్కకు నిలబడి కీని పిసరంత తిప్పి ఆగండి. ముల్లు నెమ్మదిగా ఎక్కాలి. అది చివరికి చేరి ఆగడానికి అయిదారు సెకన్లు పట్టనివ్వండి, ఆ తర్వాతే పూర్తిగా తెరవండి. కీ బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టడం మన దగ్గర మామూలే. అలా కొడితే అది తెరుచుకునేది ఒక్క గుంజులోనే. అలాంటి సిలిండర్‌ను తిప్పి పంపేయండి.

కాలిన రెగ్యులేటర్‌ను సీటు మార్చి వాడొద్దు. లోపల మిగిలిన మసి కూడా మండే సరుకే. విప్పి చూడాలనిపిస్తే చేతికి తొడుగు వేసుకోండి. టెఫ్లాన్, వయిటన్ రబ్బరు కాలిన చోట మిగిలే తడిలో చర్మాన్ని తినే ఆమ్లం ఉంటుంది.

ప్రశ్న: మా నర్సింగ్ హోంలో బి టైపు చిన్న సిలిండర్లకు పిన్ ఇండెక్స్ యోక్ (పిన్నులతో సిలిండర్ వాల్వు మీద కూర్చునే పట్టు) బిగించినప్పుడు గ్యాస్ లీకవుతోంది. హార్డ్‌వేర్ షాపులో నైలాన్ వాషర్ దొరికింది, సరిగ్గా పట్టింది. వాడొచ్చా? ఒక్కోసారి పాత వాషర్ మీద కొత్తది వేసి బిగిస్తున్నాం. – ఒక నర్సింగ్ హోం నిర్వాహకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: రెండూ వద్దు. రెండు వాషర్లు వేయడం అసలే వద్దు. యోక్‌లోని రెండు పిన్నులు (ఆక్సిజన్‌కు 2, 5 స్థానాలు) వాల్వు రంధ్రాల్లో పూర్తిగా దిగితేనే అది ఆక్సిజన్ సిలిండర్ అన్న భరోసా. వాషర్ మందం పెరిగితే పిన్నులు పైపైనే నిలుస్తాయి, వేరే గ్యాస్ సిలిండర్ కూడా పట్టేసే ప్రమాదం ఉంది.

పిన్ ఇండెక్స్‌కు రెండు రకాల సీళ్లు ఉన్నాయి. ఒకటి లోహపు రింగు లోపల రబ్బరు పెదవి ఉండేది, బోడాక్ సీల్ అంటారు. రబ్బరు సాధారణంగా వయిటన్. చుట్టూ లోహం ఉండడం వల్ల రబ్బరు నలిగి బయటికి రాదు, ఎన్నోసార్లు వాడొచ్చు. రెండోది నలిగి సీలయ్యే ప్లాస్టిక్ వాషర్, ఎక్కువగా నైలాన్. ఇది ఒక్కసారికే. మొదటిసారి బిగించినప్పుడే దాని మీద వాల్వు నోటి అచ్చు పడిపోతుంది. రెండోసారి ఆ అచ్చు సరిగ్గా అక్కడే కూర్చోదు, సన్నగా లీకవుతుంది. లీకవుతోందని ఇంకా బిగిస్తారు, చేత్తో కాకపోతే పానాతో. నలిగిన నైలాన్ అంచు మీదుగా అంత ఒత్తిడిలో ఆక్సిజన్ బుసకొడుతూ పోతుంటే ఆ అంచు వేడెక్కి అంటుకుంటుంది. ఒక్కసారి వాడాల్సిన వాషర్‌ను మళ్లీ మళ్లీ వాడడం వల్ల రెగ్యులేటర్లు కాలిన సంఘటనల మీద 2006లో అమెరికాలో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేశారు.

కాబట్టి లోహపు రింగు ఉన్న సీల్‌నే కొనండి, అదీ మెడికల్ గ్యాస్ సామాను అమ్మేవారి దగ్గర. సిలిండర్ మార్చిన ప్రతిసారీ దాన్ని వెలుతురులో తిప్పి చూడండి: రబ్బరు పెదవి మీద కోత, పగులు, జిగట ఏది కనిపించినా పారేయండి. యోక్ టీ-హ్యాండిల్‌ను చేతి బలంతోనే బిగించాలి. చేత్తో బిగిస్తే ఆగని లీకు పానాతోనూ ఆగదు, లోపం సీల్‌లోనో వాల్వు ముఖం మీది గీతలోనో ఉంది. సిస్టర్లు చేతులకు రాసుకునే శానిటైజర్ ఆరిపోయాకే సిలిండర్ ముట్టుకోవాలి, అది కూడా మండేదే. వాజలిన్, కొబ్బరి నూనె ఉన్న చేతులైతే సబ్బుతో కడుక్కుని రావాలి.

ప్రశ్న: మాది చిన్న ప్లాస్టిక్ మషీనింగ్ యూనిట్. ఆక్సిజన్ వాల్వు సీట్లు, గ్లాండ్ వాషర్లు (వాల్వు కడ్డీ చుట్టూ లీకు ఆపేవి) చేసివ్వగలరా అని ఒక వాల్వు తయారీదారు అడుగుతున్నారు. డ్రాయింగ్‌లో ‘టెఫ్లాన్ లేదా సమానమైనది’ అని ఉంది. మా దగ్గర నైలాన్ 66, పీక్, యూహెచ్ఎండబ్ల్యూ పాలిథీన్ రాడ్లు ఉన్నాయి. ఏవి సమానం? – జడ్చర్ల

జవాబు: ‘సమానమైనది’ అన్న మాటను ముందు కొట్టేయించండి. ఆక్సిజన్‌లో ఏ ప్లాస్టిక్కూ ఇంకోదానికి సమానం కాదు.

మూడు అంకెలు చూడాలి. మొదటిది ఆక్సిజన్ ఇండెక్స్: మామూలు పీడనంలో, అంటించిన ముక్క ఆరిపోకుండా మండాలంటే చుట్టూ ఎంత శాతం ఆక్సిజన్ కావాలి అన్నది. పాలిథీన్‌కు 17–18, అంటే మనం పీల్చే గాలిలోనే హాయిగా మండుతుంది. నైలాన్‌కు 24 చుట్టూ, పీక్‌కు 35, టెఫ్లాన్‌కు 95. కెల్-ఎఫ్ అని పిలిచే పీసీటీఎఫ్ఈ ప్లాస్టిక్ కూడా టెఫ్లాన్ దరిదాపుల్లోనే ఉంటుంది. రెండోది, వంద వాతావరణాల పీడనం ఉన్న ఆక్సిజన్‌లో తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత: టెఫ్లాన్ 430 డిగ్రీల చుట్టూ, కెల్-ఎఫ్ 380–390, పీక్ 305, నైలాన్ 66 260, పాలిథీన్ 175. మూడోది, గ్రాము కాలితే వచ్చే వేడి: టెఫ్లాన్‌కు 6–7 కిలోజౌళ్లు, కెల్-ఎఫ్‌కు 10, నైలాన్‌కూ పీక్‌కూ 32 చుట్టూ, పాలిథీన్‌కు 46.

మూడో అంకెను చాలామంది పట్టించుకోరు. మా దృష్టిలో అదే అసలుది. అర గ్రాము నైలాన్ సీటు పూర్తిగా కాలితే 16 కిలోజౌళ్లు. అదంతా ఇత్తడికే ఎక్కిందనుకుంటే 30 గ్రాముల ఇత్తడి కరిగిపోతుంది. అదే కొలతల టెఫ్లాన్ సీటు ఎంత వేడినిస్తుందో లెక్కించేటప్పుడు గ్రాముకు గ్రాము పోల్చకండి. టెఫ్లాన్ సాంద్రత 2.2, నైలాన్‌ది 1.14. అదే సైజు ముక్క దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. కాబట్టి వేడి అయిదో వంతు కాదు, రెండున్నర రెట్లు తక్కువ అంతే. అయినా మేలే.

‘మరి టెఫ్లానే వాడితే పోలేదా?’ అంటారా? టెఫ్లాన్ మెత్తన. 150 కిలోల ఒత్తిడిలో స్పిండిల్ (కీతో తిరిగే వాల్వు కడ్డీ) నొక్కుతూ ఉంటే మెల్లగా పాకి, అంచుల్లోంచి బయటికి జారుతుంది. కొన్ని నెలల్లో సీటు పల్చబడి వాల్వు లీకవుతుంది. అందుకే సిలిండర్ వాల్వు తయారీదారులు నైలాన్ 66నో, కెల్-ఎఫ్‌నో సీటుగా పెడతారు. నైలాన్ పెట్టి కూడా వాల్వు కాలకపోవడానికి కారణం నైలాన్ గొప్పతనం కాదు. ముక్క చాలా చిన్నది, ఇత్తడి గుంటలో అంచులదాకా పూడి ఉంటుంది, గ్యాస్‌కు కనిపించేది ముఖం ఒక్కటే, దానికి తగిలిన వేడిని చుట్టూ ఉన్న ఇత్తడి వెంటనే పంచుకుంటుంది. సీటు గుంట కంటే పావు మిల్లీమీటరు పైకి లేచి ఉన్నా, అంచు మీద బర్రు (కోతలో మిగిలే సన్నటి పీచు) మిగిలినా ఈ లెక్క తప్పుతుంది. సన్నటి బర్రు అగ్గిపుల్ల తలకాయ లాంటిది, దానికి వేడిని పంచుకునే ఇత్తడి ఉండదు. మీ పనితనం చూపాల్సింది అక్కడే.

యూహెచ్ఎండబ్ల్యూ రాడ్లను పక్కన పెట్టేయండి. పీక్ గట్టిది, సీటుగా బాగా నిలుస్తుంది, కానీ అంటుకుంటే నైలాన్ అంత వేడినీ ఇస్తుంది. వాల్వు డిజైన్ చేసినవారు పీక్ పెట్టి పరీక్ష చేయించి ఉంటేనే ఇవ్వండి. గ్లాండ్ వాషర్‌కు అచ్చమైన టెఫ్లానో, గాజునార కలిపిన టెఫ్లానో సరిపోతుంది. ఏం కలిపారో చెప్పలేని రంగు రాడ్లు, మళ్లీ కరిగించి పోసిన రీసైకిల్ సరుకు మాత్రం ఎంత చవకైనా వద్దు. రాడ్డుకు బ్యాచ్ నంబరుతో సర్టిఫికెట్ తీసుకోండి, ఏ సీటు ఏ రాడ్డులోంచి వచ్చిందో రాసి పెట్టండి.

మషీనింగ్ పొడిగా చేయండి. కటింగ్ ఆయిల్, సిలికాన్ స్ప్రే వాడిన లేత్ మీద ఆక్సిజన్ పని పెట్టొద్దు. చక్‌లో, టూల్‌పోస్ట్‌లో దాక్కున్న నూనె ముక్క మీదికి వస్తూనే ఉంటుంది. ఇంకో మాట: మీరిచ్చిన ముక్క మంచిదైనంత మాత్రాన వాల్వు మంచిదని కాదు. తయారైన వాల్వునూ రెగ్యులేటర్‌నూ వేడి ఆక్సిజన్‌తో పదేపదే పీడనపు దెబ్బలు కొట్టి చూస్తారు. అంతర్జాతీయ ప్రమాణంలో 60 డిగ్రీల ఆక్సిజన్, 20 మిల్లీసెకన్లలో ఎక్కే పీడనం, 20 దెబ్బలు. ఆ పరీక్ష చేయించే బాధ్యత వాల్వు తయారీదారుదేనని ఆర్డరు కాగితంలో రాయించుకోండి.

ప్రశ్న: సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించేటప్పుడు మరలకు టెఫ్లాన్ టేపు చుడితే లీకు ఆగుతోంది. తప్పా? – నల్గొండ

జవాబు: తప్పే. సిలిండర్ వాల్వుకూ రెగ్యులేటర్‌కూ మధ్య సీలయ్యేది మరల దగ్గర కాదు, గుండ్రటి ముక్కు వాల్వు లోపలి ముఖానికి ఆనే చోట. మరల మీద టేపు చుడితే అసలు లీకు అలాగే ఉంటుంది, పైగా విప్పి బిగించిన ప్రతిసారీ టేపు పోగులు తెగి ఇన్‌లెట్ ఫిల్టర్‌లో, సీటు మీద చేరతాయి. సన్నటి పోగు లోహానికి ఆనకుండా గ్యాస్ దారిలో వేలాడుతుంటే టెఫ్లాన్ అయినా అంటుకుంటుంది. ముక్కు మీద గీత పడిందేమో చూసి, పడితే ముక్కు మార్చండి.

మానిఫోల్డ్‌లో (చాలా సిలిండర్లను ఒకే లైన్‌కు కలిపే గొట్టాల అమరికలో) టేపర్ మరలు, అంటే కొసకు సన్నబడే మరలు, ఉన్న చోట్ల టేపు వాడొచ్చు. ప్యాకెట్ మీద ఆక్సిజన్‌కు పనికొస్తుందని రాసి ఉండాలి, ప్లంబింగ్ షాపులో పది రూపాయలకు దొరికే తెల్ల టేపు కాదు. మొదటి రెండు మరలు ఖాళీగా వదిలి, మర తిరిగే దిశలోనే చుట్టాలి.

ప్రశ్న: టెఫ్లాన్ ఆక్సిజన్ ఇండెక్స్ 95 అంటే స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో కూడా బొటాబొటిగా మండుతుందని కదా. మరి అపోలో 13లో కాలింది టెఫ్లాన్ వైర్లే అని చదివాను. ఎలా? – ఒక పాలిటెక్నిక్ విద్యార్థిని, వనపర్తి

జవాబు: ఆ 95 మామూలు వాతావరణ పీడనంలో కొలిచిన అంకె. పీడనం పెరిగినా, ముక్క ముందే వేడెక్కి ఉన్నా అది దిగిపోతుంది. చంద్రుడి వైపు బయల్దేరిన అపోలో 13 నౌక రెండో నంబరు ఆక్సిజన్ ట్యాంకులో పీడనం చదరపు అంగుళానికి దాదాపు 900 పౌండ్లు, అంటే 60 వాతావరణాలకు పైన. అంత పీడనంలో టెఫ్లాన్ మండగలదు, దానికి కావాల్సింది గట్టి నిప్పు మాత్రమే.

ఆ నిప్పుకు దారి ప్రయోగానికి ముందే, నేల మీదే పడింది. ట్యాంకు హీటర్ స్విచ్‌లు 28 వోల్టులకు చేసినవి. ప్రయోగ కేంద్రంలో వాటికి 65 వోల్టులిచ్చారు. స్విచ్‌ల ముఖాలు కరిగి అతుక్కుపోయి, హీటర్ ఆగకుండా నడిచి, ట్యూబు దాదాపు 540 డిగ్రీలకు ఎక్కింది. వైర్ల మీది టెఫ్లాన్ తొడుగు అక్కడక్కడా పగిలి రాగి బయటపడింది. 1970 ఏప్రిల్ 13న ట్యాంకులోని ఫ్యాన్లు వేయగానే ఆ పగుళ్ల దగ్గర షార్ట్ అయి టెఫ్లాన్ అంటుకుంది.

పరీక్షల్లో పిల్లలు ‘టెఫ్లాన్ మండదు’ అని రాస్తుంటారు. గాలిలో మండదు అని రాయండి. అపోలో 13కు మూడేళ్ల ముందు, 1967 జనవరి 27న, అపోలో 1 క్యాబిన్‌లో ముగ్గురు వ్యోమగాములు చనిపోయిన మంటలో పీడనం వాతావరణ పీడనానికి కాస్త ఎక్కువే, అంతే. కానీ ఉన్నది అచ్చంగా ఆక్సిజన్. లోపల నైలాన్ వలలు, వెల్క్రో పట్టీలు మెండుగా ఉండడంతో మంట క్షణాల్లో క్యాబినంతా కమ్మేసింది.

ప్రశ్న: ఆసుపత్రి మానిఫోల్డ్ సర్వీసింగ్ చేస్తాను. ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు సీళ్లు), ఇత్తడి ఫిట్టింగులు దేనితో కడగాలి? ఇప్పటిదాకా పెట్రోలు, తర్వాత థిన్నర్ వాడేవాళ్లం. – బయోమెడికల్ టెక్నీషియన్, సూర్యాపేట

జవాబు: పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ మూడూ మానేయండి. అవి నూనెను తీసేయవు, పల్చగా పరిచి వెళ్తాయి.

ఇత్తడి, రాగి భాగాలకు: ప్లాస్టిక్, రబ్బరు ముక్కలన్నీ ముందు తీసేయండి. లీటరు వేడినీళ్లకు 15 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ కలిపి, నీళ్లు 70–80 డిగ్రీల్లో ఉండగా ముక్కలు వేసి, నైలాన్ బ్రష్‌తో మరలు, మూలలు రుద్దండి. ఇనుప బ్రష్ వద్దు, దాని ముక్క ఒకటి లోపల ఉండిపోతే గ్యాస్ వేగానికి ఎగిరి రవ్వ పుట్టిస్తుంది. అల్యూమినియం భాగం ఏదైనా ఉంటే ఈ నీళ్లలో వేయొద్దు, తినేస్తుంది. తర్వాత మంచినీళ్లతో కనీసం రెండుసార్లు, చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. బోరు నీళ్లు చివరి కడుగుడుకు వద్దు, ఆరాక ఉప్పు పొడి మిగులుతుంది. మన జిల్లా నీళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

నీళ్లలోంచి తీసిన ముక్కను నిలువుగా పట్టుకుని చూడండి. నీటి పొర అయిదారు సెకన్లు తెగకుండా నిలిస్తే శుభ్రమైనట్టు. ఎక్కడైనా విడిపోయి చుక్కలుగా పూసలు కట్టిందంటే అక్కడ జిడ్డుంది, మళ్లీ మొదటికి రండి. ఆరబెట్టడానికి నూనె లేని నైట్రోజన్ సిలిండర్ వాడండి. కంప్రెసర్ గాలి వద్దు, అది పంపేది గాలితో పాటు నూనె తుంపర. చివరగా చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ లైటు వేసి చూడండి. చాలా గ్రీజులు నీలంగా మెరుస్తాయి. అన్నీ మెరవవు కాబట్టి యూవీ ఒక్కదాన్నే నమ్మొద్దు, తెల్ల గుడ్డతో తుడిచి కూడా చూడాలి.

ఓ-రింగులకు గోరువెచ్చని నీళ్లు, రంగు వాసన లేని డిటర్జెంట్ చాలు. వయిటన్ రింగును అసిటోన్‌లో ముంచితే ఉబ్బి పాడైపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు, కానీ పూర్తిగా ఆరాకే బిగించాలి. గాడిలో మిగిలిన ఆల్కహాల్ కూడా ఇంధనమే. పాత నల్ల నైట్రైల్ రబ్బరు రింగులు కనిపిస్తే కడగడం మానేసి వయిటన్ వేయండి. చూపుకు రెండూ నల్లగానే ఉంటాయి కాబట్టి డబ్బాలు వేరుగా, పేర్లు రాసి పెట్టుకోండి.

రింగు జారడానికి గ్రీజు కావాలంటే ఆక్సిజన్‌లో సులువుగా అంటుకోని పీఎఫ్‌పీఈ రకం, అంటే క్రైటాక్స్, ఫాంబ్లిన్ లాంటివి మాత్రమే, అదీ వేలికి అంటీ అంటనంత. సిలికాన్ గ్రీజు పనికిరాదు. కడిగిన ముక్కలను పాలిథీన్ కవర్లో పెడితే కవరును కత్తెరతో కోసి తెరవండి. చింపితే సన్నటి చీలికలు మరల్లో చిక్కుకుంటాయి. అంత కష్టపడి కడిగి, చివర్లో పాలిథీన్‌ను మనమే పెట్టినట్టవుతుంది.

ప్రశ్న: మానిఫోల్డ్‌కూ సిలిండర్లకూ మధ్య రాగి పిగ్‌టెయిల్ (చుట్టలు తిప్పిన సన్నటి గొట్టం) తరచూ పగులుతోంది. బదులు స్టీల్ అల్లిక ఉన్న హైడ్రాలిక్ హోస్ వేస్తామని ఫిట్టర్ అంటున్నాడు, అది 350 కిలోలు తట్టుకుంటుందట. దాంతో పాటు బాల్ వాల్వు కూడా పెడితే సులువంటున్నాడు. – గద్వాల

జవాబు: తట్టుకునేది ఒత్తిడిని, ఆక్సిజన్‌ను కాదు. హైడ్రాలిక్ హోస్ లోపలి పొర నైట్రైల్ రబ్బరు, దానికి తోడు తయారీలోనే అంటిన నూనె. ఒప్పుకోవద్దు.

టెఫ్లాన్ లోపొర ఉన్న హోస్‌లు కూడా ఈ పనిలో ఇబ్బందే. సిలిండర్ తెరవగానే వేడెక్కిన గ్యాస్ హోస్ అవతలి కొసకు చేరి అక్కడే నిలుస్తుంది, అక్కడి పొర అంటుకుంటుంది. అందుకే ఆక్సిజన్ కోసం ప్రత్యేకంగా చేసిన హోస్‌లలో ఆ కొసన లోహపు గొట్టం ముక్క అమర్చి, వేడి గ్యాస్ నిలిచేది లోహంలోనే అయ్యేట్టు చూస్తారు. ఆ ముక్క పొడవు, హోస్ పొడవు లెక్క వేసి పెట్టేవి. హోస్‌ను తిరగేసి బిగించినా, కోసి పొట్టి చేసినా ఆ రక్షణ పోతుంది.

రాగి పగలడానికి కారణం చూడండి. సిలిండర్ మార్చినప్పుడల్లా వంచి వంచి రాగి గట్టిపడి పెళుసవుతుంది. చుట్టలు సరిపడా ఉన్న కొత్త పిగ్‌టెయిల్ వేసి, సిలిండర్లన్నీ ఒకే ఎత్తులో నిలబెడితే వంపు తగ్గుతుంది.

బాల్ వాల్వు పావు చుట్టుకే పూర్తిగా తెరుచుకుంటుంది. సిలిండర్ నుంచి మొదటి రెగ్యులేటర్ దాకా ఉన్న భాగంలో దాన్ని పెట్టడమంటే ఈ పేజీ మొదటి ఉత్తరంలోని ‘ఠప్’ను ఆసుపత్రికి తెచ్చుకోవడమే. అక్కడ చాలా చుట్లు తిప్పితే గానీ తెరుచుకోని వాల్వులే ఉండాలి. పీడనం 4 కిలోలకు తగ్గాక వార్డుల లైన్‌లో బాల్ వాల్వు ఉంటే పేచీ లేదు. 1 నుంచి 4కు ఒక్కసారిగా ఎక్కితే లెక్క ప్రకారం కూడా వేడి 160 డిగ్రీల చుట్టూనే.

ప్రశ్న: నాన్నకు ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) పెట్టారు. ఆ ప్లాస్టిక్ పైపు పేలుతుందా? ఆయన బీడీ మానలేదు. – దేవరకొండ

జవాబు: పైపు పేలదు, అందులో పెద్ద పీడనమేమీ లేదు. అసలు ప్రమాదం బీడీ. మిషన్ ఇచ్చే గాలిలో 90 శాతం పైగా ఆక్సిజన్ ఉంటుంది. ముక్కు దగ్గర బీడీ వెలిగిస్తే మెత్తటి పీవీసీ పైపు అంటుకుని, ఆ మంట లోపలి ఆక్సిజన్ మీద బతుకుతూ మిషన్ వైపు పాకుతుంది. మిషన్ నడుస్తుంటే మూడు మీటర్ల లోపల బీడీ, దీపం, గ్యాస్ పొయ్యి ఉండకూడదు. బీడీ కావాల్సిందే అంటే మిషన్ ఆపి, పైపు తీసి, బయట ఆరుబయట కనీసం పావుగంట కూర్చున్నాకే. మీసాల్లో, పంచెలో, దుప్పట్లో ఆక్సిజన్ కొంతసేపు నిలిచి ఉంటుంది. పైపును పరుపు మీద వదిలేసి మిషన్ నడవనివ్వొద్దు. ముక్కు ఎండిపోతే వాజలిన్ కాదు, నీటి ఆధారంగా చేసిన జెల్ రాయండి. మంట ముట్టగానే దారి మూసుకుపోయే ఫైర్‌బ్రేక్ అనే చిన్న ముక్కను పైపు మధ్యలో బిగించుకోవచ్చు. మిషన్ ఇచ్చినవారిని అడగండి.

ప్రశ్న: ఆక్సిజన్ రెగ్యులేటర్ మీద గేజు పాడైంది. కంప్రెసర్ గేజు మరలు సరిపోయాయి. పెట్టేయొచ్చా? – కల్వకుర్తి

జవాబు: వద్దు. మామూలు గేజుల ముల్లు సరిగ్గా ఉందో లేదో ఫ్యాక్టరీలో చాలావరకు నూనె ఒత్తిడితోనే పరీక్షిస్తారు. ఆ నూనె చుక్క గేజు లోపలి వంపు ట్యూబు మూసిన కొసలో ఉండిపోతుంది, కడగడానికి దారి లేదు, వేడి గ్యాస్ నేరుగా వచ్చి ఆగేది అక్కడే. ముఖం మీద ‘ఆక్సిజన్’ అని, నూనె వాడొద్దని రాసి ఉన్న గేజునే కొనండి. కొత్తగా కొన్నదైనా సరే, దుకాణంలో దాని మూతి బిరడా ఊడిపోయి దుమ్ములో పడి ఉంటే వదిలేసి ఇంకోటి అడగండి.